"బాగానే ఉంది" అనే కబురు కూడా మీకు చేరాలి

మీరొక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. తెలుగు కీబోర్డు కావచ్చు, ఊరి గ్రంథాలయానికి పనికొచ్చే పుస్తకాల జాబితా కావచ్చు, బడిపిల్లల లెక్కల యాప్ కావచ్చు. కొత్త వెర్షన్ విడుదలకు వారం ముందు తెలిసినవాళ్లందరికీ పంపి, "కాస్త వాడి చూసి చెప్పండి" అని అడిగారు. చాలామంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. జవాబు మాత్రం ఒకరిద్దరి నుంచే వచ్చింది. అందులో ఒకటి "సూపర్ అన్నా". విడుదలైన మర్నాటి నుంచి ఇక ఫోన్లే ఫోన్లు: "నా ఫోన్‌లో ఓపెన్ కావట్లేదు", "ఒత్తులు విడిపోతున్నాయి", "సేవ్ చేసింది కనబడట్లేదు".

అప్పుడు మనకు మొదట ఏమనిపిస్తుంది? "మనవాళ్లకు ఓపిక లేదు. ఉచితంగా వస్తే వాడుకుంటారు గానీ ఒక్క మాట చెప్పరు." ఈ మాట చాలామంది డెవలపర్ల నోట విన్నాను. నేనైతే ఒప్పుకోను. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో చాలామంది నిజంగానే వాడి చూసి ఉంటారు. చూసినదాన్ని మీకు చెప్పే దగ్గర ఆగిపోయారు. ఆ ఆగిపోయిన చోటు ఎక్కడో వెతికి బాగుచేయడమే ఈ అధ్యాయంలో మన పని.

ఒక సందర్భం ఊహించుకోండి. జనగామలో ఒక టీచరమ్మ రాత్రి వంట పని అయ్యాక మీ కీబోర్డు పెట్టుకుని ప్రశ్నపత్రం టైపు చేస్తున్నారు. "స్త్రీ" అని కొడితే అక్షరం ముక్కలైంది. "పాపం, చేసిన పిల్లలకు చెబుదాం" అనుకుని మీరిచ్చిన లింకు నొక్కారు. ముందు అకౌంట్ తెరవమంది. మెయిల్‌కు వచ్చిన లింకు నొక్కి రమ్మంది. ఎలాగో లోపలికి వెళితే అంతా ఇంగ్లిష్‌లో పొడవాటి ఫారం: బిల్డ్ నంబర్, ఎన్విరాన్‌మెంట్, ఎక్స్‌పెక్టెడ్ బిహేవియర్, యాక్చువల్ బిహేవియర్, సివియారిటీ. తప్పు కనిపెట్టడానికి ఆమెకు పట్టింది నిమిషం. చెప్పడానికి అరగంట పట్టేలా ఉంది. ఫోన్ పక్కన పెట్టేశారు. ఇందులో ఆమె తప్పేముంది?

పెద్ద ప్రాజెక్టులకూ ఈ బాధ తప్పలేదు. ఫెడోరా లినక్స్ దాదాపు ఆరు నెలలకొక కొత్త వెర్షన్ తెస్తుంది. విడుదలకు ముందు వాలంటీర్లు ఇన్‌స్టాలేషన్ దగ్గర్నుంచి ప్రింటింగ్ దాకా పరీక్షించి, ఫలితాలను వికీ పేజీలోని పెద్ద పట్టికలో రాసేవారు. ఎలా రాయాలి? పట్టికలో తన గడి వెతుక్కోవాలి. రెండు ఫ్లవర్ బ్రాకెట్లు తెరిచి, రిజల్ట్ అని రాసి, నిలువు గీత పెట్టి, పాస్ అని రాసి, ఇంకో నిలువు గీత పెట్టి, తన పేరు రాసి, మళ్లీ రెండు ఫ్లవర్ బ్రాకెట్లు మూయాలి. ఒక్క గీత తప్పితే పట్టిక మొత్తం చెదిరిపోతుంది. ఇద్దరు ఒకేసారి సేవ్ చేస్తే ఒకరిది ఆగిపోతుంది. అలవాటైనవాళ్లకు ఇది పెద్ద పని కాదు. కొత్తవాళ్లు మాత్రం నలుగురి పేజీని పాడుచేస్తామేమో అనే భయంతోనే వెనక్కి తగ్గుతారు.

అక్కడివాళ్లు వాలంటీర్లను తప్పుపట్టలేదు, పనిముట్లు తయారుచేశారు. రెల్‌వల్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చింది. ఏ పరీక్ష చేశారు, ఏమైంది అని అది వరసగా అడుగుతుంది, మీరు జవాబిస్తే పట్టికలో అదే రాసిపెడుతుంది. టెస్ట్ డే పేరుతో ఒక్కో అంశంపై అందరూ కలిసి పరీక్షించే రోజులకు విడిగా ఒక వెబ్ ఫారం వచ్చింది. మీ ప్రాజెక్టు ఫెడోరాలో నూరోవంతే కావచ్చు. చేయాల్సిన పని మాత్రం అదే.

1. ముందు మీరే రిపోర్ట్ చేసి చూడండి

మీ కంప్యూటర్‌లో కాదు, మీ అకౌంట్‌తో అసలే కాదు. ఇంట్లో ఎవరిదో పాత ఫోన్ అడిగి తీసుకోండి. మీ సాఫ్ట్‌వేర్ వేసి, ఒక తప్పు దొరికిందనుకుని, దాన్ని మీకే పంపండి. ఎన్ని పేజీలు తెరిచారు? ఎన్నిసార్లు లాగిన్ అడిగింది? ఎక్కడ "ఇక్కడేం రాయాలబ్బా" అనిపించింది? ప్రతి ఒక్కటీ కాగితం మీద రాసుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఒకరి చేత ఇదే చేయించి, పక్కన మాట్లాడకుండా కూర్చోండి. మాట్లాడకుండా ఉండటం కష్టం. "అక్కడ కాదు, పైన నొక్కు" అని నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. వాళ్లు తడబడిన ప్రతి చోటా మీకు రావలసిన రిపోర్టులు కొన్ని పోతున్నాయి.

2. యంత్రానికి తెలిసింది మనిషిని అడగొద్దు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఆస్పత్రిలో బీపీ ఎంతుందని రోగిని అడగరు, నర్సు చూసి రాసుకుంటుంది. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని మాత్రమే రోగిని అడుగుతారు. మీ ఫారం కూడా అలాగే ఉండాలి.

వాట్సాప్ గ్రూపుల్లో సాధారణంగా నడిచే సంభాషణ చూడండి.

"అన్నా, నాకు క్ష పడట్లేదు."
"వెర్షన్ ఎంత తమ్ముడూ?"
"అదెక్కడుంటది అన్నా?"
"సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లు."
"ఏ సెట్టింగ్స్? ఫోన్‌వా, కీబోర్డువా?"

సాయంత్రం మొదలైన ఈ సంభాషణ మర్నాటికి కూడా తేలదు, ఈలోపు తమ్ముడికి ఆసక్తి పోతుంది. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫోన్ మోడల్, ఏ ఫాంట్ వాడుతోంది, ఏ భాషలో పెట్టుకున్నారు: ఇవన్నీ మీ ప్రోగ్రాంకు ముందే తెలుసు. "సమస్య చెప్పండి" అనే బటన్ పెట్టి, అది నొక్కగానే ఇవన్నీ వాటంతటవే ఫారంలో నిండేలా చేయండి. మనిషికి మిగలాల్సినవి రెండే ప్రశ్నలు: ఏం చేస్తుంటే జరిగింది? తెరమీద ఏం కనిపించింది?

బటన్ పెట్టేంత తీరిక లేదా? ఫైర్‌ఫాక్స్‌లో సాంకేతిక వివరాలన్నీ ఒకే పేజీలో చూపించి, పైన కాపీ చేసుకునే బటన్ ఇచ్చారు. వాడేవాళ్లు ఒక్కసారి నొక్కి, రిపోర్టులో పేస్ట్ చేస్తే చాలు. అలాంటి పేజీ ఒకటి రాయడం ఆదివారం మధ్యాహ్నం పని. డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అనే కమాండ్ ఉంది. ప్యాకేజీ పేరు చెబితే వెర్షన్, అది ఆధారపడే ఇతర ప్యాకేజీల వివరాలు తనే సేకరించి ఉత్తరం సిద్ధం చేస్తుంది.

ఇంకా దూరం వెళ్లినవాళ్లు పెర్ల్ భాష వాళ్లు. పెర్ల్ మాడ్యూళ్లన్నీ ఉండే భాండాగారం సీపాన్. 1998లో మొదలైన సీపాన్ టెస్టర్స్ అనే వాలంటీర్ల బృందం ఆ మాడ్యూళ్లను రకరకాల కంప్యూటర్ల మీద పరీక్షిస్తుంది. మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని పరీక్షలు ఎలాగూ నడుస్తాయి కదా, ఆ ఫలితాన్నే నేరుగా పంపే ఏర్పాటు చేసుకున్నారు. వాలంటీరు దాన్ని ఒకసారి అమర్చుకుంటే చాలు, ఆ తర్వాత తన పని తను చేసుకుంటుంటే రిపోర్టులు వెళ్తూనే ఉంటాయి. మొదట్లో ఇవి ఈమెయిల్‌గా వెళ్లేవి, 2010 ప్రాంతంలో వెబ్ ద్వారా పంపే పద్ధతికి మారారు. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు మెయిల్ పంపే ఏర్పాటు చేసుకోవడం ఎంత తలనొప్పో అనుభవించినవాళ్లకు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

3. పంపేముందు చూపించండి

తనంతట తానే సేకరించే ప్రోగ్రాం ఏం సేకరించిందో వాలంటీరుకు కనబడాలి. లాగ్ ఫైలులో మీకు పనికిరానివీ, అవతలివాళ్లకు పరువుకు సంబంధించినవీ ఉంటాయి. ఫోల్డర్ పేరులోనే మనిషి పేరుంటుంది. తెరిచిన ఫైలు పేరు "నాన్న స్కాన్ రిపోర్ట్" అని ఉండొచ్చు. రిపోర్ట్‌బగ్ తాను రాసిన ఉత్తరాన్ని పంపేముందు ఎడిటర్‌లో తెరిచి చూపిస్తుంది, అక్కర్లేనిది తీసేయొచ్చు. మీరూ అలాగే చేయండి. రిపోర్టు అందరికీ కనిపించే చోటికి వెళ్తుందా, మెయిల్ అడ్రస్ కూడా కనబడుతుందా అన్నది "పంపు" బటన్ పక్కనే తెలుగులో రాయండి. కీబోర్డు తయారుచేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. టైపు చేసిన మాటలు లాగ్‌లోకి ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు.

4. "పనిచేస్తోంది" అని చెప్పే చోటు పెట్టండి

మీ ప్రాజెక్టులో బగ్ చెప్పడానికి చోటుంది. బాగుందని చెప్పడానికి ఉందా? చాలా ప్రాజెక్టుల్లో ఉండదు. అందుకే విడుదల రోజున "ఎవరూ ఏమీ అనలేదు" అంటే ఏమిటో మనకు అర్థం కాదు. పరీక్షించి బాగుందనుకున్నారా, అసలు తెరిచే చూడలేదా? ఈ రెండింటికీ ఎంత తేడా!

ఫెడోరాలో అప్‌డేట్లు అందరికీ వెళ్లకముందు కొన్నాళ్లు టెస్టింగ్ దశలో ఉంటాయి. బోధి అనే వెబ్‌సైట్‌లో వాలంటీర్లు ఒక్కో అప్‌డేట్‌కు ప్లస్ వన్ లేదా మైనస్ వన్ ఇస్తారు. ఆ మార్కుల పేరు కర్మ! తగినన్ని మంచి మార్కులు పడితే అప్‌డేట్ అందరికీ వెళ్తుంది, చెడ్డవి పోగైతే ఆగుతుంది. అక్కడ "బాగుంది" అనే మాటకు కూడా పని ఉంది. కానీ ఒక్కో అప్‌డేట్‌నూ అక్కడ వెతుక్కుని మార్కు వేయడం విసుగు. అందుకే ఫెడోరా ఈజీ కర్మ అనే కమాండ్ రాశారు. మీ కంప్యూటర్‌లో ఉన్న టెస్టింగ్ అప్‌డేట్లు ఏవో అదే వెతికి, ఒక్కొక్కటీ చూపించి "ఎలా ఉంది?" అని అడుగుతుంది. ఒకటో, సున్నానో, మైనస్ ఒకటో కొట్టాలి. చెప్పడం ఇష్టం లేకపోతే ఎంటర్ నొక్కి ముందుకు వెళ్లిపోవచ్చు.

మీ యాప్‌లో కూడా టెస్టింగ్ వెర్షన్ వేసుకున్న మూడో రోజున ఒక్కసారి అడగండి: "కొత్త వెర్షన్ ఎలా ఉంది?" జవాబులు నొక్కేలా ఉండాలి. రోజూ మాత్రం అడగొద్దు, దాంతో యాప్‌నే తీసేస్తారు.

5. అవును, కాదు మాత్రమే పెడితే చాలదు

సీపాన్ టెస్టర్స్ ఫలితాన్ని నాలుగు రకాలుగా తీసుకుంటారు: పాస్, ఫెయిల్, ఆ కంప్యూటర్‌కు వర్తించదు, తెలియదు. మూడోది ఎందుకు? విండోస్‌లో నడవనే నడవని మాడ్యూల్‌ను విండోస్‌లో పరీక్షించి ఫెయిల్ అని రాస్తే, రాసిన రచయితకు అది తప్పుడు అపవాదు. వాలంటీరుకు కూడా "నేనేదో పొరపాటు చేశానేమో" అన్న అనుమానం మిగులుతుంది.

మీ జాబితాలో "ఇక్కడిదాకా రాలేకపోయాను" అనే జవాబు తప్పకుండా పెట్టండి. దాని విలువ తక్కువ అనుకోకండి. నలుగురు అదే నొక్కితే, వాళ్లు ఆగిన ముందు మెట్టులోనే ఏదో చిక్కుందని మీకు తెలుస్తుంది. ఆ బటన్ లేకపోతే ఆ నలుగురూ కనబడకుండా పోయేవారు.

6. పరీక్ష రాసేటప్పుడే జవాబు గురించి ఆలోచించండి

"పీడీఎఫ్ పనిచేస్తోందో లేదో చూడండి" అని రాస్తే ఏం చూడాలి? ఎవరికి తోచింది వాళ్లు చూస్తారు, "బానే ఉంది" అంటారు. ఆ "బానే"లో మీకు తెలిసింది ఏమీ లేదు. ఇలా రాసి చూడండి:

కొత్త ఫైలు తెరవండి. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని మూడు పదాలు టైపు చేయండి. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ పీడీఎఫ్ తెరవండి. మూడు పదాలూ మీరు టైపు చేసినట్టే ఉన్నాయా? ఇప్పుడు లక్ష్మి అనే మాటను పీడీఎఫ్‌లో వెతకండి. దొరికిందా?

రెండు ప్రశ్నలు, రెండింటికీ స్పష్టమైన జవాబులు. పైన "ఐదు నిమిషాల పని" అని రాయండి, ఎందుకంటే ఎంతసేపు పడుతుందో తెలియని పనిని మనం రేపటికి వాయిదా వేస్తాం. పరీక్ష కోసం ఇప్పుడు వాడుతున్న వెర్షన్ తీసేయాల్సి వస్తే అది కూడా ముందే చెప్పండి. వీలైతే ఆ అవసరమే లేకుండా చూడండి. ఫెడోరా టెస్ట్ డేలకు తరచూ లైవ్ ఇమేజ్ ఇస్తారు, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి తీసేయొచ్చు, ఇంట్లో కంప్యూటర్ అలాగే ఉంటుంది. "నా ఫైళ్లు పోతాయేమో" అనే భయం పోగొడితే ఎంతమంది ముందుకొస్తారో మీరే చూస్తారు.

7. తెలుగులో చెప్పనివ్వండి, అక్షరాలూ ఫొటో రెండూ అడగండి

ఒత్తు పక్కకు జరిగిందని కనిపెట్టడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు, తెలుగు బాగా రావాలి. పత్రికల్లో ప్రూఫులు దిద్దినవాళ్లు, డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలు కొట్టినవాళ్లు, తెలుగు పండితులు: వీళ్ల కన్ను మనకు రాదు. వాళ్లను ఇంగ్లిష్ ఫారం ముందు కూర్చోబెట్టడం మనకే నష్టం. తెలుగులో రాసినా, వాయిస్ మెసేజ్‌లో చెప్పినా తీసుకోండి. ఇంగ్లిష్‌లోకి మార్చే పని మీది.

తెలుగు విషయంలో ఇంకో మెలిక ఉంది, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. "స్త్రీ ముక్కలైంది" అంటూ టీచరమ్మ ఆ పదాన్ని కాపీ చేసి మీకు పంపారు. మీ తెరమీద అది శుభ్రంగా కనిపిస్తుంది! ఆమె ఫోన్‌లో ఉన్న ఫాంట్ వేరు, మీ కంప్యూటర్‌లో లోహిత్ ఉందో, నోటో ఉందో, మండలి ఉందో. అక్షరాలు అవే, వాటిని కూర్చే ఫాంటూ, కూర్చే సాఫ్ట్‌వేరూ వేరు. "నాకు బాగానే కనిపిస్తోందండీ" అని మీరు జవాబిస్తే, తాను అబద్ధం చెప్పినట్టు ఆమెకు అనిపిస్తుంది. ఇక్కడ స్క్రీన్‌షాట్ ఉంటేనే సంగతి బయటపడుతుంది.

అలాగని ఫొటో ఒక్కటే ఉంటే సరిపోతుందా? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. అది "జ్ఞా"లా ఉండే అక్షరమే. కాకపోతే దాని మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మామూలు "జ్ఞా"తో ఏమీ కాలేదు. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. అలాంటి గుర్తు ఎంత మంచి స్క్రీన్‌షాట్ తీసినా కనబడదు, కాపీ చేసిన అక్షరాల్లోనే దొరుకుతుంది. అందుకని రెండూ అడగండి: టైపు చేసిన అక్షరాలు ఒక పెట్టెలో, స్క్రీన్‌షాట్ ఇంకో పెట్టెలో. "రెండూ ఎందుకు?" అనే వివరణ ఒక వాక్యంలో కింద రాయండి. కారణం తెలిస్తే మనవాళ్లు విసుక్కోరు.

8. వాళ్లున్న చోటికి మీరు వెళ్లండి

అకౌంట్ లేకుండా రిపోర్ట్ చేసే దారి ఒకటైనా ఉండాలి. చెత్త మెసేజ్‌లు వస్తాయనే భయం మీకుంటుంది, నిజమే. అవి తుడవడం మీకు వారానికి కొన్ని నిమిషాల పని, అకౌంట్ అడగడం వల్ల పోయే రిపోర్టులు తిరిగి రావు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చినవాటిని బగ్ ట్రాకర్‌లోకి ఎక్కించే బాధ్యత బృందంలో ఒకరికి అప్పగించండి. కాలేజీల్లో ఈ పని ఇంకా తేలిక. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌ల పేరుతో విద్యార్థి బృందాలను నడుపుతోంది. అలాంటి బృందం ఒక పూట ల్యాబ్‌లో కూర్చుంటే, పక్కన రాసుకునే మనిషి ఒకరుంటే, ఇంట్లో కూర్చుని నెలలో రాబట్టలేనంత సమాచారం వస్తుంది.

9. రిపోర్ట్ వచ్చాక మీరేం చేస్తారు?

ఇక్కడే చాలామంది డెవలపర్లు తెలియకుండా వాలంటీర్లను పోగొట్టుకుంటారు. తరచూ కనిపించే పొరపాట్లు కొన్ని చెబుతాను.

"ఇది ముందే చెప్పారు" అని మూసేయడం. ఆరుగురు ఒకే తప్పు చెప్పారంటే అది ఆరు ఫోన్లలో ఉందని తేలింది కదా! "మీతో కలిపి ఆరుగురు చెప్పారు, మీ ఫోన్ మోడల్ వల్ల మాకు కొత్త సంగతి తెలిసింది" అని రాయండి. అబద్ధమేం కాదు, నిజంగానే తెలిసి ఉంటుంది.

"పూర్తి వివరాలు ఇవ్వండి" అని పొడిగా అడగడం. ఏ వివరం కావాలో, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఒకసారికి ఒకటే అడగండి.

అన్నిటికంటే పెద్దది, జవాబే ఇవ్వకపోవడం. సరిచేయడానికి ఆరు నెలలు పట్టినా ఫర్వాలేదు, చదివామన్న కబురు రెండు రోజుల్లో వెళ్లాలి. సరిచేశాక మళ్లీ చెప్పాలి. "మీరు చెప్పిన 'స్త్రీ' సమస్య ఈ వెర్షన్‌లో సరిచేశామండీ. వీలున్నప్పుడు చూసి, మీ ఫోన్‌లో కూడా సరైందో లేదో చెప్పగలరా?" అని రాస్తే, ఆ టీచరమ్మ మీ తర్వాతి వెర్షన్‌కు కూడా టెస్టరే. పేరు రాయడానికి ఇష్టపడితే రిలీజ్ నోట్స్‌లో రాయండి. లినక్స్ కెర్నెల్‌లో మార్పుల వివరణ కింద రిపోర్టెడ్ బై, టెస్టెడ్ బై అంటూ పేర్లు నమోదు చేసే పద్ధతి ఉంది. ఒక్క లైను కోడ్ రాయనివాళ్ల పేరు కూడా ఆ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. ఈ వారం ఒక్క సాయంత్రమే ఖాళీ ఉందనుకోండి, వెర్షన్, ఫోన్ మోడల్, ఫాంట్ పేరు కాపీ చేసిచ్చే బటన్ ఒకటి పెట్టండి. పక్కనే "బాగుంది", "సమస్య ఉంది", "ఇక్కడిదాకా రాలేకపోయాను" అని మూడు జవాబులు పెట్టండి. ఇంకో అరగంట మిగిలితే, పాత రిపోర్టులు తెరిచి, ఇప్పటిదాకా జవాబు ఇవ్వనివాళ్లకు పేరుపేరునా రాయండి. ఎంత ఆలస్యమైనా సరే.